తొమ్మిది వేల తొమ్మిది వందల అడుగులు

పోయిన వారం లియోనా సొబోత్కాను ఆమె వంటింటి బల్ల దగ్గర, రెండు అంకెల ముందు కూర్చోబెట్టి వచ్చాం. ఒక అంకె ఎనిమిది వందల ఎనభై. రెండోది పన్నెండు వందల ఇరవై.

మధ్యలో కథ అందుకున్నవాళ్లకి నాలుగు మాటలు చెప్పాలి. 1944 ఏప్రిల్‌లో ఇటలీ కొండల మధ్య కాస్తెల్ రొవీనో అనే ఊళ్లో, వంతెన మీద పడాల్సిన అమెరికా బాంబులు వంతెనకు ఇవతలే బడి మీద పడ్డాయి. ముప్పై ఒక్క మంది పోయారు. దండులో అన్నిటికంటే ముందున్న విమానంలో కూర్చుని గురి చూసి బాంబులు వదిలినవాడు ఎమిల్ వానెక్. తప్పు తనదేనని విచారణలో ఒప్పుకున్నాడు. అమెరికాలోని నెబ్రాస్కాకు తిరిగొచ్చి, ఆర్డ్ ఊళ్లో ధాన్యం గిడ్డంగిలో ముప్పై ఏళ్లు పనిచేసి, ఆ మాట మళ్లీ ఎత్తకుండానే కన్ను మూశాడు. ఆ దాడి జరిగిన అరవై అయిదేళ్లకు ఆయన మనవడు రస్సెల్ ఒక పాత నోటుపుస్తకం పట్టుకుని ఊళ్లోని సిమ్యులేటర్ క్లబ్బుకు, కంప్యూటర్ల మీద పాత యుద్ధ విమానాలు నడిపి ఆడుకునే చోటికి, వచ్చాడు. తాత లెక్క నిజంగా తప్పిందా, చూసి చెప్పమన్నాడు. ఆ క్లబ్బు పెట్టినవాడు మెర్ల్ ఆస్టర్‌గార్డ్. ఆనాడు అదే విమానాన్ని నడిపిన హార్లన్ ఆస్టర్‌గార్డ్‌కు ఒక్కగానొక్క కొడుకు.

గురువారం తెల్లవారాక లియోనా ఆ రెండు అంకెలనూ ఇంకోసారి చూసుకుంది. చూసినంత మాత్రాన అవి మారేవి కావు. ముప్పై ఒక్క ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి. సరైన జవాబు చూసి ఆమె ఎప్పుడూ సంబరపడలేదు. ఆమె నేర్పంతా తప్పు జవాబుల్లో ఉండేది. పిల్లవాడు బోర్డు మీద ఏం రాశాడో చూడగానే, వీడు ఇక్కడ కూడాల్సింది తీసేశాడు, వీడు అక్కడ సున్నా మింగేశాడు అని చెప్పేది. ప్రతి పొరపాటుకూ దానిదే అయిన ఒక తప్పు జవాబు ఉంటుందని ఆమె నమ్మకం. ఒక పొరపాటు చేసి ఇంకో పొరపాటు జవాబు తెచ్చుకోవడం ఎవరి వల్లా కాదు.

క్లబ్బులో ఆమె పని కూడా అదే. పదకొండు మంది సభ్యుల్లో విమానాలు నడిపేవాళ్లు చాలామంది ఉన్నారు గాని, బాంబులు ఎప్పుడు వదలాలో తేల్చే గురియంత్రానికి లెక్క కట్టి ఇచ్చేది ఆమె ఒక్కతే. ఆ యంత్రానికి కావలసినవి రెండే సంగతులు. విమానం నిజంగా ఎంత వేగంతో పోతోంది, కొట్టాల్సిన చోటికి ఎంత ఎత్తున ఉంది. చిక్కేమిటంటే ఈ రెండింటినీ విమానంలోని ఏ ముల్లూ నేరుగా చెప్పదు. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది కనుక వేగం ముల్లు తక్కువ చూపిస్తుంది. పన్నెండు వేల అడుగుల మీద అది గంటకు రెండు వందల మైళ్లంటే నిజానికి రెండు వందల నలభై. కొత్తగా చేరినవాళ్లు ముల్లు చూపిన రెండు వందలనే యంత్రంలో పెట్టేసి, బాంబులు పావు మైలు అవతల పడ్డాయని ఆటను తిట్టుకునేవారు. ఎత్తు ముల్లు సంగతీ అంతే. అది సముద్రమట్టం నుంచి చెబుతుంది. కింద ఊరు కొండ మీద ఉంటే ఆ కొండ ఎత్తు తీసేయాలి. తీసేయకపోతే బాంబులు ఇవతల పడతాయి.

కాస్తెల్ రొవీనో వంతెన సముద్రమట్టానికి రెండు వేల వంద అడుగుల ఎత్తున ఉంది. విచారణ కాగితంలో ఎమిల్ తప్పని రాసింది దాన్నే. ఆ రెండు వేల వంద తీసేయడం మరిచాడట. కాని రస్సెల్ తెచ్చిన నోటుపుస్తకంలో, ఆ తేదీ కింద, పెన్సిలుతో స్పష్టంగా తీసివేత ఉంది. ఆ రోజు ఎగరాల్సిన పన్నెండు వేల అడుగుల నుంచి రెండు వేల వంద పోగా తొమ్మిది వేల తొమ్మిది వందలు. దాని కింద రెండు గీతలు. పక్కన వేగం రెండు వందల నలభై, అది కూడా సరిగ్గా.

తరువాత రాసి ఉండొచ్చు కదా అని ఎవరైనా అనొచ్చు. లియోనా కూడా ముందు అలాగే అనుకుంది. అందుకే నోటుపుస్తకాన్ని పక్కన పెట్టి, తప్పు జవాబునే అడిగింది. ఆ దాడి తరువాత పైనుంచి తీసిన ఫోటో ఉంది. అందులో గుంతల వరుస నడిమి నుంచి వంతెనకు కొలిస్తే పన్నెండు వందల అడుగుల పైచిలుకు. ఎత్తు తీసేయడం మరిస్తే ఎంత ఇవతల పడాలి? లెక్క ఎనిమిది వందల ఎనభై అంది. సిమ్యులేటర్‌లో ఆరుసార్లు వేసి చూసింది. ఆరుసార్లూ ఆ అంకె చుట్టుపక్కలే పడ్డాయి. ఆ దూరంలో ఉన్నది ఏటి ఒడ్డు గడ్డి నేల. బడి ఇంకా మూడు వందల నలభై అడుగులు ఇవతల ఉంది. ఎమిల్ చేశాడన్న పొరపాటు నిజంగా చేసి ఉంటే ఆ బడి కూలేది కాదు.

పన్నెండు వందల ఇరవై ఇచ్చే పొరపాటు ఒక్కటే దొరికింది ఆమెకు. గురియంత్రంలో అన్నీ సరిగ్గానే ఉన్నాయి. విమానమే పన్నెండు వేల మీద లేదు. తన ఎత్తు ముల్లు మీద తొమ్మిది వేల తొమ్మిది వందలకు దిగిపోయి ఉంది.

విమానాన్ని దించేది గురి చూసేవాడు కాదు.

---

క్లబ్బు ఒకప్పటి ట్రాక్టర్ల దుకాణం. ముందంతా పెద్ద అద్దాలు. మొక్కజొన్న కోతల కాలం కావడంతో ధాన్యం లారీలు వరుసగా పోతుంటే అద్దాలు సన్నగా అదురుతున్నాయి. మెర్ల్ ఒక్కడే ఉన్నాడు. కంప్యూటర్ల వెనకాల వంగి తీగలు సర్దుతున్నాడు. అరవై ఎనిమిదేళ్ల మనిషి. ముప్పై అయిదేళ్లు పొలాల మీద మందు చల్లే విమానం నడిపాడు. కరెంటు తీగల కింద నుంచి దూరిపోయేవాడని జిల్లాలో చెప్పుకునేవారు. ఆ పని మానాక మోకాళ్లు పోయాయి, చేతులు మాత్రం పోలేదు.

లియోనా కాగితాలు బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని, మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. తరగతిలో చెప్పినట్టే చెప్పింది, ఎవరి పేరూ ఎత్తకుండా. "విమానం" అంది, "ఎత్తు" అంది. నడిపినవాడు అనలేదు. మెర్ల్ మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. ఆమె ముగించాక ఫ్లాస్కులోంచి కాఫీ పోసుకుని, ఆమెకు కూడా పోసి, అప్పుడు మొదలుపెట్టాడు.

ఆ రోజు గాలి ఎటు వీచిందో ఎవరికి తెలుసన్నాడు. ఆమె ఆనాటి వాతావరణ నివేదిక చూపించింది. ఎదురుగాలి లేదు. ఫోటో కొలత తప్పి ఉండొచ్చన్నాడు. వంతెన పొడవు తెలుసు కనుక దానితోనే కొలిచానంది. బాంబులన్నీ ఒకేచోట పడవన్నాడు. అందుకే వరుస నడిమి నుంచి కొలిచానంది. ఒక్కొక్కటీ అడుగుతుంటే అతని గొంతు పెరగలేదు. ఆమె గొంతూ పెరగలేదు. ఇద్దరూ ఏ పొలానికి ఎంత మందు పట్టిందో లెక్క చూసుకుంటున్నట్టుగా ఉంది.

చివరికి అతను కప్పు కింద పెట్టాడు.

"ఎంత చెప్పినా ఇది ఆట, టీచరమ్మా. పిల్లలకి డబ్బాలో పెట్టి అమ్మే ఆట. దీన్ని పట్టుకుని చచ్చిపోయిన మనిషిని బోనులో నిలబెడతావా?"

"పదేళ్ల నుంచి ఇది ఆట కాదని అందరితో పోట్లాడింది మీరే కదా, మెర్ల్."

"పోట్లాడాను. అప్పుడు మా నాన్న ఇందులో లేడు."

"బోనులో ఒక మనిషి ముందే ఉన్నాడు. అరవై అయిదేళ్లుగా ఉన్నాడు. నేను నిలబెట్టలేదు."

మెర్ల్ లేచి కంప్యూటర్ల వైపు నడిచాడు. తరువాత, నువ్వు నడిపి చూశావు గాని నువ్వు నడిపితే విమానం గాడిదలా నడుస్తుంది, అది రుజువు కాదన్నాడు. నేను నడుపుతాను, నువ్వు ముందు సీట్లో కూర్చో అన్నాడు. ఆమె ఆశించింది అది కాదు. కాగితాలు విసిరేస్తాడనుకుంది, లేదా క్లబ్బు తాళాలు అడుగుతాడనుకుంది. అతను అప్పటికే ఒక కంప్యూటర్ ముందు కూర్చుని పట్టీ బిగించుకుంటున్నాడు. ఆ కుర్చీకి పట్టీ అవసరం లేదు. అలవాటు.

ఆమె పక్క కంప్యూటర్‌లో గురికాడి సీటు తీసుకుంది. ఎమిల్ రాసిన అంకెలే యంత్రంలో పెట్టింది. ఎత్తు తొమ్మిది వేల తొమ్మిది వందలు, వేగం రెండు వందల నలభై. మొదటిసారి అతను విమానాన్ని పన్నెండు వేల మీద నిలిపాడు. ముల్లు అటూ ఇటూ పది అడుగులు కూడా కదల్లేదు. బాంబులు వంతెన నడుమ పడ్డాయి. మెర్ల్ తలూపాడు. ఎమిల్ లెక్కలో తప్పు లేదని అతను ఒప్పుకోవడం అదే మొదలు, మాట మాత్రం పైకి అనలేదు.

రెండోసారి ఆమె ఏమీ మార్చలేదు. అతనే కిందికి దించాడు. తెర మీద కొండలు పెద్దవయ్యాయి, ఏరు వెడల్పయింది. తొమ్మిది వేల తొమ్మిది వందల దగ్గర నిలిపి, ముల్లు రెండు వందల మీద ఉంచి, తిన్నగా పోనిచ్చాడు. గురిగాజు కింద మెలికల రోడ్డు, చర్చి, ఎర్రకప్పు బడి ఒకదాని వెనుక ఒకటి జారిపోయాయి. యంత్రం తనంతట తాను బాంబులు వదిలింది. ఇరవై రెండు సెకన్లు. పొగలు బడి కప్పులోంచి లేచాయి.

కొలవడం ఆమె పని. కొలిచింది. "పన్నెండు వందల ముప్పై" అంది.

అతను పట్టీ విప్పుకున్నాడు. ఇంకోసారి వేద్దామని అడగలేదు.

---

ఆ తరువాత అతను చెప్పింది లియోనా ఇంటికి వెళ్లాక కూడా మాట మాట గుర్తుంచుకుంది. తండ్రి ఆ సంగతి తనతో జీవితంలో ఒక్కసారే మాట్లాడాడట. 1969లో, మందు విమానం రెక్క బాగుచేస్తూ, మొహం రెక్క వైపే పెట్టుకుని. వంతెనకు పది నిమిషాల దూరంలో ఎమిల్ గొంతు చెవిలో వినిపించింది, "తొమ్మిది వేల తొమ్మిది వందలు" అని. గురికాడు యంత్రంలో పెట్టిన ఎత్తును బయటికి చదవడం మామూలే. కాని హార్లన్‌కు మూడు రోజులుగా నిద్ర లేదు. అది తనకిచ్చిన ఆదేశమనుకున్నాడు. కిందికి రమ్మంటున్నాడనుకున్నాడు. దిగాడు. ఆయన వెనక పదిహేడు విమానాలూ దిగాయి. ముందు విమానం బాంబులు వదలగానే అవీ వదిలాయి.

నేల మీదికి వచ్చిన గంటకే తన పొరపాటు తనకు తెలిసిందట. సాయంత్రం దాకా డేరాలో కూర్చుని, ధైర్యం తెచ్చుకుని, చెప్పేద్దామని అధికారుల దగ్గరికి బయల్దేరాడు. దారిలో ఎమిల్ ఎదురయ్యాడు. అప్పటికే వెళ్లి, ఎత్తు తీసేయడం మరిచానని చెప్పి, సంతకం పెట్టి వస్తున్నాడు.

"నాన్న నోరు తెరవబోతే, 'వద్దు, ఇద్దరం ఎందుకు' అన్నాడట" అని మెర్ల్ చెప్పాడు. "అంతే. ఆ మాట పట్టుకుని మా నాన్న నోరు మూసుకున్నాడు. ఇరవై మైళ్ల దూరంలో ముప్పై ఏళ్లు బతికారు ఇద్దరూ. మొక్కజొన్న అమ్ముకోడానికి కూడా మా నాన్న ఆర్డ్ గిడ్డంగికి రాలేదు. పక్క జిల్లాకి తోలుకెళ్లేవాడు."

లియోనాకు కోపం రావాల్సింది. వచ్చింది కూడా, కాస్త ఆలస్యంగా. నలభై ఏళ్లుగా తెలిసి కూడా రస్సెల్‌ను మూడు వారాలు ఈ గదిలో ఎలా కూర్చోబెట్టుకున్నారని అడిగింది. లెక్క నీకు అందదనుకున్నాను అన్నాడతను. అందకపోతే నేనే అబద్ధమాడినట్టు కాదు కదా అనుకున్నాను అన్నాడు. సాకు అని అతనికీ తెలుసు. అందుకే ఆమె దాని మీద ఇంకేమీ అనలేదు.

శనివారం క్లబ్బు కూడినప్పుడు అందరి ముందూ చెప్పడమా, రస్సెల్‌కు విడిగా చెప్పడమా అన్న మాట వచ్చేసరికి మధ్యాహ్నమైంది. ఆ మాట వాళ్లు తేల్చే పని లేకుండా రస్సెల్ తానే వచ్చాడు. బడి బస్సు నడిపే మనిషి, మధ్యాహ్నం ఖాళీ. చేతిలో కాగితం సంచీలో మూడు రన్జా రొట్టెలున్నాయి, వాటిలో కూరిన క్యాబేజీ, మాంసం వాసన గదంతా పాకింది. ఇందాక అటుగా పోతూ బయట లియోనా పిక్కప్ ట్రక్కు చూసి మూడోది కొన్నానన్నాడు. తరువాత ఇద్దరి మొహాలూ చూసి సంచీ బల్ల మీద పెట్టేశాడు.

మెర్ల్ నిలబడి చెప్పాడు. లియోనాకు చెప్పిన వరుసలోనే చెప్పాడు, నిద్ర లేకపోవడం మాట మాత్రం వదిలేసి. దాన్ని సాకుగా వాడుకోదలచలేదని ఆమెకు అర్థమైంది. రస్సెల్ టోపీ చేతిలో పట్టుకుని విన్నాడు. నలభై మూడేళ్లు అతనికి. లియోనా దగ్గరే బీజగణితం చదివాడు, అంతంత మాత్రంగా. సంతోషం గాని కోపం గాని ఏదో ఒకటి మొహంలో కనిపిస్తుందని ఆమె చూసింది. ఏదీ కనిపించలేదు. అంతా అయ్యాక అతను అడిగింది ఒక్కటే. తాత కూర్చున్న సీట్లో తనను కూర్చోబెట్టమన్నాడు. మూడు వారాలుగా వెనక నిలబడి చూశాడే గాని, ఒక్కసారి కూడా అందులో కూర్చోలేదు.

లియోనా దాడిని మళ్లీ మొదటికి తెచ్చింది. మెర్ల్ ఏమీ అడగకుండా వెళ్లి పైలట్ కుర్చీలో కూర్చుని విమానాన్ని తండ్రి దించిన చోటికే దించాడు. రస్సెల్ తెర మీది గురిగాజులోంచి కాసేపు చూశాడు. తరువాత తెర మీద చూపు తిప్పుకుని, విమానం ముక్కులో చుట్టూ చూశాడు. అద్దాలు, బాంబుల మీటలు, ఎడమ పక్కన గోడకు రెండు గుండ్రటి మీటర్లు.

"ఇదేంటి, మిసెస్ సొబోత్కా?"

"ఎత్తు చూపించేది."

"అది పైలట్ దగ్గర ఉంటుంది కదా?"

"ఇద్దరి దగ్గరా ఉంటుంది" అంది ఆమె. అని ఆగిపోయింది. ఆ సీట్లో తాను ముప్పైసార్లకు పైగా కూర్చుంది. ఆ మీటర్ చూసే లెక్కలు కట్టింది. అది ఎమిల్ కళ్ల ముందు కూడా ఉండేదన్న సంగతి మాత్రం ఒక్కసారీ తట్టలేదు. తప్పు జవాబును పట్టుకున్న సంబరంలో, దాన్ని చూస్తూ కూర్చున్న మనిషిని మరిచిపోయింది.

రస్సెల్ ముల్లు దగ్గరగా వంగి, మెల్లగా, చదువు నేర్చుకునేవాడిలా చదివాడు. తొమ్మిది వేల తొమ్మిది వందలు. పన్నెండు వేలు ఉండాలి కదా అన్నాడు. తెర మీద చర్చి జారిపోయింది.

"అంటే మా తాత దీన్ని చూడలేదా?"

మెర్ల్ విమానాన్ని వదిలేశాడు. అది తనంతట తానే పక్కకు ఒరగడం మొదలుపెట్టింది.

"చూశాడు" అన్నాడు. "మా నాన్న చెప్పింది టీచరమ్మకి నేను సగమే చెప్పాను. బాంబులు పడడానికి అర నిమిషం ముందు మీ తాత ఇంకో మాటన్నాడు. కిందికి ఎందుకు వచ్చావని కాదు. పైకి లేపమని కాదు."

రస్సెల్ కుర్చీ మెర్ల్ వైపు తిప్పాడు.

"'హార్లన్, వంతెన నిండా మనుషులున్నారు. మంచాలు బండ్ల మీద వేసుకుని పోతున్నారు' అన్నాడట."

రోడ్డు మీద ధాన్యం లారీ ఒకటి పోయింది. బాంబులు ఇవతల పడితే వంతెన మీది మనుషులు బతుకుతారని లియోనాకు అప్పుడు లెక్క అందింది. రస్సెల్ టోపీ బల్ల మీద పెట్టి అడిగాడు.

"దానికి మీ నాన్న ఏమన్నాడు?"

మెర్ల్ లేచి, మోకాళ్ల మీద చేతులు ఆనించుకుంటూ గది దాటి వెళ్లి, వీధి తలుపు మూసి లోపల గడియ పెట్టాడు.